అన్న చేతి చీర

పోయిన వారం చెన్నకేశవుల్ని పెనుకొండ బస్టాండులో ఒక ఫ్లెక్సీ ముందు నిలబెట్టి మనం మన పనులు చూసుకోడానికి వెళ్ళిపోయాం. ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. చేతిలో కవరు ఉంది, కవరులో పాత దినపత్రికలో చుట్టిన చీర ఉంది.

ఫ్లెక్సీలో ఆయనా కుళ్ళాయమ్మా పక్కపక్కనే ఉన్నారు. ఆయన తలపాగా చెవి మీదికి జారిపోయింది. ఆమె చేట ఎత్తి పట్టుకుంది. కింద మూలలో, మిగిలిన కాస్త చోటులో తిరుపాల్ ముఖం. దాని పక్కన ఈ మాటలు: "మా వ్యాన్ డ్రైవర్ తిరుపాల్ గారికి ఓబులేసు, ఓబులమ్మ దంపతుల కన్నీటి నివాళి." వేయించింది హిందూపురం వైపు అభిమానులు. మంచి మనసుతోనే వేయించారు. వాళ్ళకు తెలియని సంగతి ఒక్కటే. ఓబులమ్మ వేషం కట్టే కుళ్ళాయమ్మకు తాళి కట్టిన మొగుడు ఆ తిరుపాలే.

ఈ వారమే ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు. చెన్నకేశవులుది ధర్మవరం, పట్టుచీరల వ్యాపారం. కుర్రతనంలో చీరల మూట మోసుకుని హిందూపురం వెళ్ళినప్పుడల్లా, అక్కడ నాటకంలో హాస్యం వేషం దొరికితే మూట పక్కన పెట్టి రంగు పూసుకునేవాడు. తర్వాత మద్రాసు వెళ్ళి సినిమాల్లో చెంపదెబ్బలు తినే వేషాలు వేశాడు. అక్కడి అంగట్లో తన సరుకు ఎప్పటికీ ముందు వరసలోకి రాదని తేల్చుకుని తిరిగొచ్చాడు. పెళ్ళిళ్ళు తీసే వీడియో కెమెరా ఒకటి సంపాదించి, తానే రాసి, తానే తీసి, తానే నటించి 'ఓబులేసు కాపురం' మొదలుపెట్టాడు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. సీడీలు పోయి ఫోన్లు వచ్చాయి. ఓబులేసు మాత్రం పెళ్ళాం చేత చీవాట్లు తింటూ ముప్పయ్యేళ్ళుగా బతికే ఉన్నాడు. ఆ పెళ్ళాం కుళ్ళాయమ్మ. వాళ్ళిద్దర్నీ, కెమెరానీ, భోజనాల క్యారియర్లనీ ఊరూరా తిప్పినవాడు తిరుపాల్.

ఇప్పుడు తిరుపాల్ లేడు. ఇవాళ ఆయన పెద్దదినం, కర్మ జరిగే రోజు. సగం తీసిన సినిమా ఒకటి ఆగిపోయి ఉంది. కుళ్ళాయమ్మ మళ్ళీ రంగు పూసుకుంటుందో లేదో తెలుసుకోవాలి. చెన్నకేశవులు వచ్చిన పని అది. ధర్మవరంలో బస్సెక్కేటప్పుడు ఆయన తనకు తాను చెప్పుకున్న పని మాత్రం అదే.

"ఓబులేసన్నా! నువ్వేనా? ఒక సెల్ఫీ అన్నా!"

ఎవరో కుర్రవాడు భుజం మీద చేయి వేశాడు. వెనకాల ఆ ఫ్లెక్సీ కనిపించేలా ఫోను పైకెత్తాడు.

"నగు అన్నా, ఏమట్ల బిగదీసుకోని ఉండావు!"

చెన్నకేశవులు నవ్వాడు. అడిగిన గిరాకీకి లేదని చెప్పి పంపే అలవాటు ఆయనకు లేదు. ఫోటో తీసుకున్న కుర్రవాడు దాన్ని చూసుకుంటూ వెళ్ళిపోయాడు. చెన్నకేశవులు ముఖం మీద ఆ నవ్వు కాసేపు అలాగే మిగిలిపోయింది. దాన్ని ఎక్కడ దించుకోవాలో ఆయనకు తెలియలేదు.

ధర్మవరంలో ఆయన పొద్దు గడిచే తీరు కూడా ఇలాగే ఉంటుంది. అంగడి కట్టేశాక టిఫిన్ సెంటర్లో ఒక్కడే కూర్చుని దోసె తింటాడు. పక్క బల్ల మీద ఇద్దరు ముగ్గురు ఫోను మధ్యలో పెట్టుకుని ఓబులేసు కాపురం చూస్తూ పగలబడి నవ్వుతుంటారు. తల తిప్పితే ఆ ఓబులేసే పక్కన కూర్చుని ఉన్నాడు. వాళ్ళు తల తిప్పరు. ఈయన పిలవడు. దోసె చల్లారిపోతుంది.

కొండ కిందికి పోయే సందులో కుళ్ళాయమ్మ ఇల్లు. ముందర షామియానా వేసి కుర్చీలు వేశారు. ఆయన అడుగు పెట్టగానే కుర్చీలు కదిలాయి. ఎవరో లేచి ముందు వరసలో చోటిచ్చారు. చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చామంటూ ఇద్దరు మగవాళ్ళు ఆయన చేతులు పట్టుకున్నారు.

"ధైర్యంగా ఉండల్ల అన్నా. ఇంతకాలం నమ్మకంగా పని చేసిన మనిషి. చేయి ఇరిగినట్లుంటాది."

"ఆయన డ్రైవరు కాదప్పా..." అని చెన్నకేశవులు మొదలుపెట్టాడు.

"అవునన్నా. ఇంట్లో మనిషి మాదిరి."

అంతటితో ఆ మాట అక్కడే ఆగిపోయింది. ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడి ఉన్న మనిషి ఇదంతా చూస్తున్నాడు. అతను తిరుపాల్ తమ్ముడు నాగరాజు. హిందూపురంలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం. వచ్చేపోయే వాళ్ళను కింది నుంచి మీదికి చూడడం అతని పని. ఇవాళ తన ఇంటి గుమ్మంలో కూడా ఆ పనే చేస్తున్నాడు.

చెన్నకేశవులు కవరు కుర్చీ కింద పెట్టుకున్నాడు. ఆ చీర కోసం పొద్దున అంగడంతా వెతికాడు. జీవితమంతా చీరలు అమ్మిన మనిషికి అప్పుడు ఒక సంగతి తెలిసొచ్చింది. తన అంగట్లో ఉన్న సరుకంతా పెళ్ళిళ్ళకే. ఎరుపు, పసుపు, చిలకపచ్చ, జానెడు జరీ అంచు. మొగుడు పోయిన ఆడదానికి పెట్టదగ్గ చీర ఒక్కటీ లేదు. చివరికి బీరువా అడుగున, మగ్గం సరిగ్గా ఆడుతోందో లేదో చూడడానికి నేతగాడు నేసిన చీర ఒకటి దొరికింది. రంగు వేయని పట్టు, అంచు లేదు, జరీ లేదు. దాన్ని అమ్మకానికి పెట్టాలని ఏనాడూ తోచలేదు. ఇలాంటి రోజున చీర పుట్టింటివాళ్ళే పెట్టాలన్నది ఆయనకు తెలియనిది కాదు. కుళ్ళాయమ్మ పుట్టింటి తరఫున ఎవరైనా వస్తే వాళ్ళ చేతికిచ్చి పెట్టించవచ్చునని అనుకున్నాడు. వచ్చి చూస్తే అటువైపు మనిషి ఒక్కరూ లేరు. ఆమె తోడబుట్టినవాళ్ళు ఎప్పుడో పోయారు. పిల్లలు లేరు. ఆమెకు ఉన్నది ఈ ఇల్లూ, ఈ నాగరాజూ, ఈ సందులోని జనమూ.

కుళ్ళాయమ్మ గడప లోపల చాప మీద కూర్చుని ఉంది. చేతులకు ఆకుపచ్చ గాజులు ఇంకా ఉన్నాయి. ఒకసారి తలెత్తి ఆయన వైపు చూసి మళ్ళీ దించుకుంది. ఆమె అలా మాట లేకుండా ఉండడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

వాళ్ళ పని జరిగే పద్ధతి వేరుగా ఉండేది. కాగితం మీద రాసుకునేది ఏమీ లేదు. షూటింగుకు పోయే దారిలో, వ్యాన్‌లో వెనక సీటులో కూర్చుని ఆయన సంగతి చెప్పేవాడు. ఆమె వెంటనే, "ఏం బాగుండాది సావుకారీ? ఏ ఆడదన్నా అట్లంటాదా?" అని దాన్ని తిరగేసేది. ఇద్దరూ కీచులాడుకునేవాళ్ళు. ముందు సీటులో తిరుపాల్ ఒక్క మాట కూడా మాట్లాడేవాడు కాదు. కానీ చెన్నకేశవులు కళ్ళు ఎప్పుడూ అతని భుజాల మీదే ఉండేవి. స్టీరింగు పట్టుకున్న ఆ భుజాలు నవ్వుకు కదిలాయా, ఆ హాస్యం నిలిచింది. కదలలేదా, ఎంత ముద్దుగా అనిపించినా దాన్ని అక్కడే వదిలేసేవాడు. ఆ తూకం ఎన్నడూ తప్పలేదు. తిరుపాల్ భుజాలు కదిలిన చోటల్లా తాడిమర్రి నుంచి అగళి దాకా జనం నవ్వారు. అలాంటి తూకం చేతిలో ఉన్న వ్యాపారి ఎవడూ నష్టపోడు. తూకం పోయిన రోజున మాత్రం, ఎంత సరుకున్నా ఏం చేయాలో తెలియదు.

జనం వాళ్ళను నిజంగానే మొగుడూ పెళ్ళాలని నమ్మారు. గృహప్రవేశాలకు పిలిచి పీటల మీద పక్కపక్కన కూర్చోబెట్టారు. జంటగా తాంబూలం ఇచ్చారు. కొత్తగా పెళ్ళైన పిల్లలు కాళ్ళకు మొక్కారు. "డ్రైవరూ, నువ్వు రెండో పంక్తిలో తినప్పా" అని తిరుపాల్‌ను బయట నిలబెట్టారు. అతను అలాగేనని వ్యాన్ దగ్గరికి పోయి అద్దాలు తుడుచుకునేవాడు. కాదని చెబితే పిలిచినవాళ్ళ ముఖం చిన్నబోతుందని మొదట్లో ఊరుకున్నారు. తర్వాత, కాదని చెబితే సీడీలు అమ్ముడుపోవని ఊరుకున్నారు. ఆ తర్వాత ఎందుకు ఊరుకున్నారో చెన్నకేశవులు ఎప్పుడూ లెక్క తీయలేదు. కొన్ని లెక్కలు తీస్తే అంగడి నడవదు.

ఆయన భార్య నాగరత్నమ్మ మొదట్లో దీనికి నవ్వేది. ఒక పెళ్ళిలో ఎవరో ఆమెను పట్టుకుని, "నువ్వు ఓబులేసన్నకు చెల్లెలా అమ్మా?" అని అడిగారు. ఆమె అవునంది. ఇంటికొచ్చాక ఆ మాట చెప్పి నవ్వింది. కానీ ఆ తర్వాత ఆయనతో కలిసి ఏ పెళ్ళికీ రాలేదు. చివరిదాకా ఇంట్లోనే ఉంది. ఆమె పోయినప్పుడు ఇంటికి వచ్చినవాళ్ళలో సగం మంది, పోయింది ఎవరని అడిగారు.

లోపల కదలిక మొదలైంది. మొగుళ్ళు పోయిన ఇద్దరు ముగ్గురు పెద్దముత్తవ్వలు కుళ్ళాయమ్మ చుట్టూ చేరారు. ఒకామె చేతిలో పసుపు నీళ్ళ చెంబు ఉంది. గాజులు తీసే వేళైంది.

"ఎవురూ తీసేపని లేదు," అంది కుళ్ళాయమ్మ. "నా చేతులు నాకుండాయి. నేనే తీస్తా."

ఆ మాట ఇంకా పూర్తి కాలేదు, షామియానా చివర నుంచి ఒక ముసలామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పేరు తిమ్మక్క. అగళి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. మాటలో తెలుగూ కన్నడమూ కలిసిపోయి ఉన్నాయి. వచ్చీ రాగానే కుళ్ళాయమ్మ చేతులు రెండూ గాజుల మీదుగా గట్టిగా పట్టుకుంది.

"ఏమ్మే, మీకేమన్నా బుద్ధుండాదా? గాజులు తీస్తారా ఈయమ్మకు? మొగుడు గుండ్రాయి మాదిరి ఎదురుగా కూసోని ఉండాడు గదా!"

అందరూ ఆమె చూపించిన వైపు చూశారు. ముందు వరస కుర్చీలో చెన్నకేశవులు ఉన్నాడు.

"అదో, ఓబులేసప్ప! కండ్లు కనపడలేదా మీకు? యాడన్నా డ్రైవరు పోతే యజమానురాలి గాజులు తీస్తారా? ఏం ఊరప్పా ఇది! ఆ డ్రైవరు పెండ్లాం యాడుండాదో కనుక్కోండి. పాపం, ఆయమ్మ చేతిలో నాలుగు దుడ్లు పెట్టండి. ఏ మూల కూసోని ఏడుస్తాందో ఏమో."

చెంబు పట్టుకున్న ఆమె చెంబు కిందికి దించింది.

"నేనే అవ్వా," అంది కుళ్ళాయమ్మ.

"ఏం నువ్వే?"

"ఆ డ్రైవరు పెండ్లాన్ని నేనే. ఆయనే నా మొగుడు."

తిమ్మక్క ఆమె ముఖంలోకి చూసింది. గోడ మీద పూలదండ వేసిన తిరుపాల్ ఫోటో వైపు చూసింది. తర్వాత మెడ తిప్పి చెన్నకేశవుల్ని చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళుగా ఇంట్లో పెట్టుకుని పూజించిన పటం తప్పు దేవుడిదని చెబితే ఎలా చూస్తారో అలా చూసింది.

"అట్లయితే ఈయప్ప నీకేమైతాడు?"

ఎక్కడో వెనక వరసలో ఒక నవ్వు తెగిపడింది. నోటికి చేయి అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు. అది పక్కవాళ్ళకు అంటుకుంది, వాళ్ళ పక్కవాళ్ళకు అంటుకుంది. పెద్దదినం ఇంట్లో నవ్వకూడదని అందరికీ తెలుసు, అందుకే అది ఇంకా ఎక్కువైంది. చివరికి కుళ్ళాయమ్మ కూడా నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరేలా నవ్వింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. అవి ఏ నీళ్ళో అక్కడున్నవాళ్ళు ఎవరూ చెప్పలేరు.

నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు చెన్నకేశవులు. రెండోవాడు గోడ దగ్గర నుంచి కదిలి ముందుకు వచ్చాడు.

"నగండప్పా, బాగ నగండి," అన్నాడు నాగరాజు. గొంతు పెద్దది చేయలేదు. "ఏం పొద్దప్పా ఇయ్యాల? మా అన్న దినం. మీకు ఇది గుడ సినిమానే."

నవ్వు సద్దుమణిగింది.

"అవ్వ తప్పు మాట్లాడలేదు. అవ్వ అడిగిండేది మేమందరమూ అడగాల్సిన మాట. ఏమప్పా చెన్నకేశవులూ, నిన్నే. మా వదినకు నువ్వేమైతావు?"

చెన్నకేశవులు లేచి నిలబడ్డాడు. "నాగరాజా, ఆ ఫ్లెక్సీ నేను వేయిచ్చింది కాదు..."

"ఫ్లెక్సీ పక్కన పెట్టు. మా అన్న బతికినన్నాళ్ళూ డ్రైవరుగానే బతికినాడు. పెండ్లాన్ని ఇంగొకని పక్కన పీటల మీద కూసోబెట్టి, తాను వ్యాన్ కాడ నిలబడినాడు. నేను ఎన్నో తూర్లు అడిగినా, ఏందన్నా ఇది అని. నగి ఊరుకుండె. సరే, బతికినప్పుడు ఆయప్ప ఇష్టం. చచ్చినంక గుడ మొగుడు నువ్వేనా?"

అతను చేయెత్తి ఇంటి గోడల వైపు చూపించాడు.

"ఈ ఇల్లు మా నాయన కట్టిచ్చినాడు," అన్నాడు నాగరాజు. "మా అన్న పెండ్లామైతే ఆయమ్మ ఈడనే ఉండనీ, చచ్చేదాకా ఉండనీ, నా తల్లి మాదిరి చూసుకుంటా. ఓబులేసు పెండ్లామైతే ఇప్పుడే గాజులతోనే ధర్మవరం పోనీ. నాకు రెండిట్లో ఏదైనా ఒకటే. కానీ ఏదో ఒకటి అందరి ముందర తేలల్ల."

"ఎట్ల తేలాలంటావు?" అని అడిగాడు చెన్నకేశవులు. బేరంలో అవతలివాడి చివరి మాట ముందుగా వినడం ఆయన అలవాటు.

నాగరాజు కుర్చీ కింద ఉన్న కవరు వైపు చూపించాడు. గేటు దగ్గర కాపలా కాసేవాడి కళ్ళు, కవరులో ఏముందో ఎప్పుడో పసిగట్టాయి.

"చీర తెచ్చిండావు గదా. ఆయమ్మకు పుట్టింటోళ్ళు ఎవురూ లేరు. నువ్వు పెట్టు, అన్న మాదిరి. ఇందరి ముందర ఆ చీర ఆయమ్మ భుజాల మీద కప్పి, నేను నీ అన్నను అని ఒక్క మాట చెప్పు. అయిపాయ. ఇంగ ఎవురూ మా ఇంటి ఆడదాన్ని వేలెత్తి చూపిచ్చరు. అన్నంక ఇంగ మొగుని వేషం వేసేది ఉండదు. అదీ నీకు తెలుసు."

తెలుసు. పుట్టింటి చీర కప్పిన చేయి అన్న చెయ్యే. ఆ చేత్తో రేపు కెమెరా ముందు నిలబడి, "ఓబులమ్మే, అన్నం పెడతావా లేదా?" అని కొంగు లాగడం కుదరదు. లోకమూ ఒప్పుకోదు, తానూ ఒప్పుకోడు.

చెన్నకేశవులు నిలబడే లెక్క వేసుకున్నాడు. అది ఆయన పుట్టుకతో వచ్చిన గుణం. ఇల్లు తగలబడుతున్నా ముందు ఏది బయటికి తేవాలో చూసుకునే రకం. చీర కప్పితే ఓబులేసు ఇక్కడితో సరి. సగం తీసిన సినిమా సగంలోనే పోతుంది. వేరే ఆడమనిషిని పెట్టి తీస్తే జనం చూడరు, అది వేరే మాట. అసలు తనకే తీయబుద్ధి కాదు. నెలకు నాలుగు రోజులు వ్యాన్‌లో ఎవరో ఒకరు తనతో గొడవపడేవాళ్ళు, ఆ నాలుగు రోజుల కోసం మిగిలిన రోజులు అంగట్లో కూర్చునేవాడు. అవి పోతాయి. మిగిలేది టిఫిన్ సెంటరు. చీర కప్పకపోతే ఈ మనిషికి ఇల్లు పోతుంది, సందులో తలెత్తుకునే వీలు పోతుంది. ఇటు పోయేది తనది, అటు పోయేది ఆమెది. ఎలా తూచినా ముల్లు ఒకవైపే మొగ్గింది. ఇంత తేలికగా తెగిన బేరం ఆయన జీవితంలో లేదు. ఇంత నష్టం వచ్చింది కూడా లేదు.

ఆయన కవరు తీసి చీర బయటికి తీశాడు. దినపత్రిక విప్పి మడత పెట్టాడు. గడప దాటి కుళ్ళాయమ్మ ముందు నిలబడ్డాడు. రంగు లేని ఆ పట్టు రెండు చేతుల మీదా పరిచి పట్టుకున్నాడు.

"చెల్లీ," అన్నాడు.

జనం గొల్లున నవ్వారు.

తప్పు వాళ్ళది కాదు. ఓబులేసు కాపురంలో ఓబులేసు ఇరుక్కుపోయినప్పుడల్లా పెళ్ళాన్ని పిలిచేది అలాగే. తాగి వచ్చి తలుపు కొట్టినప్పుడు, పక్కింట్లో అప్పడాలు తిని దొరికిపోయినప్పుడు, చేట పైకి లేవగానే వణుకుతూ "చెల్లీ!" అంటాడు. ఆ ఒక్క పిలుపు మీద ఎన్ని క్యాసెట్లు అమ్ముడుపోయాయో చెప్పలేం. హిందూపురం మార్కెట్లో చింతపండు మూటలు మోసేవాళ్ళు కూడా పెళ్ళాలను అలా పిలిచి తన్నులు తిన్నారు. ఆ మాటను తయారుచేసి, మెరుగుపెట్టి, ఊరూరా అమ్మినవాడు ఆయనే. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవాలంటే కుదరదు. అమ్మిన సరుకు కొన్నవాళ్ళది.

"నగొద్దండప్పా," అన్నాడు. "నేను నిజంగానే చెప్తాండా."

ఇంకా గట్టిగా నవ్వారు. ఆ ముఖం అలాంటిది. బుగ్గలు జారి, కనుబొమలు పైకి లేచి, ఏడవబోయే పిల్లవాడి ముఖంలా ఉంటుంది. నలభై ఏళ్ళుగా ఆయన మదుపు ఆ ముఖమే. మద్రాసులో ఒక దర్శకుడు దాన్ని చూసి చెప్పాడు, నువ్వు శవం పక్కన నిలబడినా జనం నవ్వుతారయ్యా అని. ఆ రోజు దాన్ని పొగడ్త అనుకుని సంతోషంగా హోటల్లో బిర్యానీ తిన్నాడు.

నాగరాజు కూడా పెదవి కొరుక్కుంటున్నాడు. కోపంగా ఉన్నాడు, నవ్వు వస్తోంది, ఆ నవ్వు వస్తున్నందుకు ఇంకా కోపంగా ఉన్నాడు.

"నేను ఈ కుళ్ళాయమ్మకు..." అన్నాడు చెన్నకేశవులు. ఎవరో కుర్చీ మీద చరిచి నవ్వారు. "ఎప్పుడూ గుడ... నా తోడబుట్టిన దాని మాదిరే..." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అబ్బ, ఏం చేస్తాండాడ్రా!" అని వెనక నుంచి ఎవరో మెచ్చుకున్నారు. ఒకరిద్దరు ఫోన్లు పైకెత్తారు.

జీవితంలో ఎన్నో వేదికల మీద ఆయన నిలబడ్డాడు. ఎవరూ నవ్వని రోజులు చూశాడు. హిందూపురంలో ఒకసారి టమాటా కూడా విసిరారు. ఆ రోజుల్లో కూడా వేదిక మీద ఇంత ఒంటరిగా లేడు. అప్పుడు జనానికి ఆయన మాట అర్థమయ్యేది, నచ్చేది కాదు. ఇప్పుడు నచ్చుతోంది. చెప్పేది మాత్రం ఒక్కరికీ చేరడం లేదు.

చీర కప్పడానికి వంగాడు. వంగుతుండగా కుళ్ళాయమ్మ చేయి పైకి లేచి చీర కొస పట్టుకుంది. కప్పనివ్వలేదు. రెండు వేళ్ళ మధ్య ఆ పట్టును రాసి చూసింది. ఎన్నో ఏళ్ళు ఆయన అంగడి చీరలు కట్టిన చేయి అది.

"ఇది అమ్మేకి నేసింది కాదే," అంది, ఆయనకు మాత్రమే వినిపించేలా.

"కాదు."

"యాడ దొరికె?"

"బీరువా అడుగున. కప్పుకో కుళ్ళాయమ్మా. ఇంగ వేరే దోవ లేదు."

"నీకు దోవ లేదు సావుకారీ. నన్ను అడిగినావా?"

ఆమె లేచి నిలబడింది. మోకాళ్ళ మీద చేయి ఆనించి మెల్లగా లేచింది. లేచాక షామియానా వైపు తిరిగింది. ముప్పయ్యేళ్ళ పాటు ఓబులేసు నోరు మూయించిన గొంతు అది. దాన్ని పైకి తీయాల్సిన పని కూడా పడలేదు.

"ఫోన్లు దించండి."

దించారు.

"ఈయన మీరు నగల్లని చెప్తాండ్లేదు. నా ఇల్లు నిలబెట్టల్లని, మీ కాళ్ళు పట్టుకున్నట్ల చెప్తాండాడు. ఇంతమందిలో ఒక్కరికన్నా ఇనపడలేదా?"

తలలు వంగాయి. చెన్నకేశవులు కళ్ళు మూసుకున్నాడు. ఒక్కరికి వినపడింది. చాలు. ఆ ఒక్క గిరాకీతో ఇవాళ్టి అంగడి కట్టేసుకుని వెళ్ళిపోవచ్చు.

అయితే ఆమె మాట అయిపోలేదు.

"చెప్పిన తీరు నిజం," అంది కుళ్ళాయమ్మ. "చెప్పిన మాటే నిజం కాదు."

ఆమె ఆ చీరను మెల్లగా మడత పెట్టింది. అంగట్లో మడత పెట్టినట్టే, కొసకు కొస కలిపి మడిచింది. తీసుకుని ఆయన చేతుల్లో పెట్టింది.

"అన్న చేతి చీరైతే కప్పుకుంటా. ఈయన నాకు అన్న కాదు."

"వదినా!" అని అరిచాడు నాగరాజు. పెద్దముత్తవ్వలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఏం మాట్లాడ్తాండావో తెలుస్తాందా నీకు? మా అన్న పటం ముందర..."

"పటం ముందరే మాట్లాడల్ల ఇది. అరవొద్దు నాగరాజా. మీ అన్న అన్నేండ్లు రోడ్డు ఒక్కటే చూసినాడనుకున్నావా? వ్యాన్‌లో మీద అద్దం ఉంటాది. ఆ అద్దంలో వెనక సీటు కనపడతాది." "ఆసుపత్రికి పోతా పోతా ఆయన నాతో ఒక మాట అన్నాడు. నా పెద్దదినం పొద్దు ఈ సావుకారి వస్తాడు, వచ్చి ఏదో ఒక అబద్ధం చెప్పి నీకు మేలు చేసి పోదామని చూస్తాడు, అప్పుడు అందరి ముందర ఈ మాట చెప్పు అన్నాడు. చెప్పనని ఒట్టు పెట్టుకున్నా. ఈయన ఆ అబద్ధం చెప్పకుండా ఉండింటే నేను నోరు తెరిచేదాన్ని కాదు."

చెన్నకేశవులు చేతుల్లోని చీర కిందికి జారబోయింది. పట్టుకున్నాడు. ముందు సీటులో కదలకుండా ఉండిపోయిన ఆ భుజాలు ఆయనకు గుర్తుకొచ్చాయి. అవి కదిలిన ప్రతిసారీ దాన్ని లెక్క వేసుకున్నాడు. కదలకుండా ఉన్నప్పుడు ఆ మనిషి ఏం చూస్తున్నాడో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"కుళ్ళాయమ్మా, వద్దు," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"కూసో సావుకారీ," అంది ఆమె. "ఇది నిలబడి ఇనే మాట కాదు."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ముందు వరసలో తన కుర్చీలో తిమ్మక్క సర్దుకుని కూర్చుని ఉంది. మిగిలిన కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఎవరూ లేచి చోటు ఇవ్వలేదు. చెన్నకేశవులు చీర గుండెలకు ఆనించుకుని, గడపకు లోపల ఒక కాలూ బయట ఒక కాలూ పెట్టి నిలబడిపోయాడు.

కుళ్ళాయమ్మ పటం వైపు తిరిగి, మొగుణ్ణి అడిగి పర్మిషన్ తీసుకుంటున్నట్టు ఒకసారి చూసి, నోరు తెరిచింది. ఆ మాట వచ్చే వారం.